రాస్ప్‌బెర్రీల మరమ్మతు పుస్తకం

మొదటి రోజు

ఈ పుస్తకంలో రోప్‌వే మరమ్మతులు తప్ప మరేమీ రాయకూడదని నియమం. ఈ రోప్‌వే నడుపుతున్న పద్దెనిమిదేళ్లలో దాన్ని తప్పలేదు. ఈరోజు తప్పుతున్నాను. నా రాస్ప్‌బెర్రీ మొక్కలు జబ్బుపడ్డాయి. దానికి కారణం నేనేనని తోట గోడకు కార్యాలయంవాళ్లు బిగించిన సలహాపెట్టె యంత్రం నా మొహం మీదే చెప్పింది. నేను చేయని తప్పును నా పేరు మీద రాసుకునేవాళ్లు ఉన్నప్పుడు, నేను చేసిందేమిటో నేనూ ఒకచోట రాసిపెట్టుకోవాలి.

మొత్తం ఇరవై మూడు కాడలు. పాత ఆకులు బాగానే ఉన్నాయి. కొత్త చిగుళ్లే పాడయ్యాయి. ఆకుల అంచులు పైకి ముడుచుకుని గుప్పిట మూసినట్టున్నాయి. చిగురు కొనలు చేతికర్ర పిడిలా వంగిపోయాయి. పురుగు కొరికిన గాటు లేదు, మచ్చ లేదు, బూజు లేదు.

ఈ మంచుమెట్ట కొండ మీద ప్రతి ఇంటికీ గాజు కప్పు కింద పన్నెండు బారల నేల ఇస్తారు. మైదానాన్ని ఎండకు వదిలేసి జనమంతా కొండెక్కిన ఏడాది, మా అత్త బట్టల మూట కింద పడేసి, తాను పనిచేసే నర్సరీ చల్లగదిలోంచి తెచ్చిన మూడు రాస్ప్‌బెర్రీ పిలకలను తడి గోనెలో చుట్టుకుని రోప్‌వే ఎక్కిందట. వాటి సంతానమే ఇవి. కొండ మొత్తం మీద ఈ జాతి మా ఇంట్లోనే ఉంది. పళ్లు ఆసుపత్రిలో పిల్లల వార్డుకు వెళ్తాయి. వచ్చే వానాకాలం పిలకల కోసం నలభై ఒక్క ఇళ్లవాళ్లు పేర్లు రాయించుకున్నారు.

పెట్టె ఇరవై ప్రశ్నలు అడిగింది. అన్నిటికీ నిజమే చెప్పాను. చివర్లో అంది: "నీరు ఎక్కువైంది. సాగుదారు అజాగ్రత్త. పసుపు గుర్తు."

నీళ్లు కొలిచి పంపేది తోటల కార్యాలయం గొట్టమే. ఎక్కువ పోయాలన్నా నాకు ఎక్కడివి?

మూడో రోజు

సరే, నీళ్లు సగానికి తగ్గించి చూశాను. చిగుళ్లు ఇంకా ముడుచుకున్నాయి. పెట్టె ఈసారి మాట మార్చింది. "ఎర్రనల్లి. సాగుదారు సకాలంలో గమనించలేదు. నారింజ గుర్తు."

రోప్‌వే తీగల్లో తెగిన పోగులు వెతికే భూతద్దం తెచ్చి ఆకుల అడుగున చూశాను. మూడు కాడల్ని చూశాను, తర్వాత అన్నింటినీ చూశాను. ఒక్క నల్లి లేదు. ఆ మాట పెట్టెకు చెబితే, "మీ పరిశీలన నమోదు కాలేదు" అంది. నేను చెప్పే మాటకు అందులో చోటు లేదట. అది చెప్పే మాటకు మాత్రం రంగులు కూడా ఉన్నాయి.

ఎనిమిదో రోజు

ఒక కాడను వేళ్లతో సహా తవ్వి తీశాను. వేళ్లు కుళ్లితే నల్లగా, మెత్తగా ఉంటాయి. ఇవి తెల్లగా, గట్టిగా ఉన్నాయి. మళ్లీ పాతిపెట్టాను. తీగ తెగితే తీగను చూస్తాం, చక్రం అరిగితే చక్రాన్ని చూస్తాం. ఒక్కొక్కటీ తీసి చూసుకుంటూ పోతే లోపం ఎక్కడో దొరుకుతుంది. ముందే మనిషి పేరు చెప్పి, తర్వాత లోపం వెతకడం నేను ఏ పనిలోనూ చూడలేదు.

సాయంత్రానికి తీర్పు వచ్చింది. "ఆకుముడత తెగులు. వైరస్. అంటువ్యాధి. ఎర్ర గుర్తు. పన్నెండు రోజుల్లో అన్ని మొక్కలనూ కాల్చివేయాలి." ఎర్ర గుర్తు పడితే నేల కూడా పోతుంది. దాంతోపాటు రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి సాగుదారు నిర్లక్ష్యాన్ని ధ్రువీకరిస్తూ ఇరుగుపొరుగు ఇద్దరు సంతకం చేయాల్సింది. రెండోది నా ఒప్పుకోలు. తప్పు నాదేనని రాసిస్తే మొక్కల్ని మాత్రమే కాలుస్తారు, నేల మాకే వదిలేస్తారు.

మా ఆయన జోగినాయుడు కాగితం రెండుసార్లు చదివి నా ముందు పెట్టాడు.

"సంతకం ఎట్టీసి ఒగ్గీవే. నేల మిగుల్తాది. మరేటైనా ఏసుకుందాం."

"నానేటి సేసానని ఒప్పుకోవాల?"

"సేసావని నానన్నానేటి? ఆళ్లకి కాగితం కావాల, మనకి నేల కావాల. అంతే కదేటి."

"అత్త తెచ్చిన మొక్కలవి. మీ అమ్మ తెచ్చినవి."

ఆయన కాగితం మడిచి గూట్లో పెట్టాడు.

నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం అది కాదు. ఇరుగుపొరుగు సంతకం కాగితాన్ని నేను ఇంతకుముందే చూశాను. రెండేళ్ల కింద, కొండను మెట్లుగా చెక్కిన అరుగుల్లో ఆరోదాంట్లో, ఓదెలు అనే ఆయన టమాటా తోట మీద ఇలాగే ఎర్ర గుర్తు పడింది. వాళ్ల ఇల్లు మా ఇంటికి సరిగ్గా కింద ఉండేది కాబట్టి నా దగ్గరికీ కాగితం వచ్చింది. నేను డ్యూటీకి వెళ్లే తొందరలో ఉన్నాను. నిలబడే సంతకం పెట్టేశాను. తోటను కాల్చారు. ఓదెలును కొండ లోపలి గదుల్లోకి మార్చారు. అక్కడ కిటికీలు ఉండవు.

ఆ కాలిన తోటలో మిగిలిన ఒక కొమ్మను దారిలో చూసినట్టు గుర్తు. దాని చిగురు కూడా వంగి ఉంది.

తొమ్మిదో రోజు

లోపలి గదులకు వెళ్లాను. రెండేళ్లలో ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఓదెలు నీటి పంపుల దగ్గర పనిచేస్తున్నాడు. అరవై దాటినవాడు. ట్యూబులైటు కింద మొహం పాలిపోయి ఉంది. తలుపు సగమే తీశాడు.

"ఓదెలన్నా, నేను ఏడో అరుగు వరాలమ్మని."

"ఎరుకే. నా కాగితం మీద రెండో సంతకం నీదే గద."

అవునన్నాను.

"సంతకం పెట్టేటప్పుడు నా టమాట ఆకు చూసినవా?"

"లేదన్నా. పెట్టె చెప్పింది కదా అని పెట్టేశాను."

"మరి ఇయ్యాల పెట్టె నీకేం జెప్పింది?"

ఆయనకెలా తెలిసిందో అడగలేదు. కొండ మీద ఎర్ర గుర్తు కబురు దాగదు. జేబులోంచి వంగిన చిగురు తీసి చూపించాను. ఆయన దాన్ని అందుకుని దీపం దగ్గరికి వెళ్లాడు. చాలాసేపు చూశాడు. తిరిగి వచ్చి తలుపు పూర్తిగా తీశాడు.

"గిదే. సక్కగ గిదే. కొత్త ఎరువు ఏసి వారం గాలె, చిగుర్లన్నీ గిట్లనే అయినయి. ఎరువు సాలక ఒక మూలకు ఏయలే. ఆ మూల రెండు చెట్లు ఆఖరుదాక మంచిగనే ఉండె. అటు దిక్కు సూడున్రి, అటు దిక్కు సూడున్రి అని మొత్తుకున్న. ఒక్కడు సూడలె. ఆ రెండిటిని గూడ కాలవెట్టిన్రు."

ఎరువు. నేను కొత్త ఎరువు వేసింది మొదటి రోజుకు పది రోజుల ముందు. ఎనిమిదో అరుగులో కార్యాలయం తయారుచేసి ఇంటింటికీ పంచేదే. పెట్టె అడిగిన ఇరవై ప్రశ్నలూ నిలబడ్డచోటే మళ్లీ తలుచుకున్నాను. నీళ్లు, వెలుగు, పురుగు, కత్తిరింపు, సాగుదారు ఎన్ని గంటలు తోటలో ఉన్నారు, సాగుదారు చేతులు కడుక్కున్నారా. ఎరువు గురించి ఒక్కటంటే ఒక్కటి లేదు. ఎరువు వాళ్లది కాబట్టి దాని మీద ప్రశ్నే ఉండదు!

"బొబ్బరి గింజలు పెట్టి సూడు," అన్నాడు ఓదెలు. "మన్నుల ఏమన్న ఉంటే బొబ్బరి దాసుకోదు. కొన్ని డబ్బలల్ల ఆళ్ల ఎరువు, కొన్నిట్ల ఉత్త మన్ను. నీళ్లు ఒక్కతీరు పొయ్యాలె."

"నీ విషయంలో నేను చేసింది..." అని మొదలుపెట్టాను.

"గది తర్వాత. ముందుగాల గింజలు పెట్టు," అని తలుపు వేసుకున్నాడు.

పదో రోజు

ఎనిమిది డబ్బాలు. నాలుగింటిలో కార్యాలయం ఎరువు కలిపిన మట్టి, నాలుగింటిలో కొండ మట్టి ఒక్కటే. ఒక్కో డబ్బాలో మూడేసి బొబ్బరి గింజలు. అన్నీ ఒకే వరసలో, ఒకే వెలుగులో. నీళ్లు గరిటెతో కొలిచి పోశాను.

జోగినాయుడు గుమ్మంలో నిలబడి చూశాడు. "ఇంకా పది రోజులే ఉంది. అప్పటికి మొలుత్తాయా?" అన్నాడు. మొలుస్తాయన్నాను. గూట్లో కాగితం గూట్లోనే ఉంది.

పద్నాలుగో రోజు

మొలకలు వచ్చాయి. ఎనిమిదింటిలోనూ వచ్చాయి. తేడా లేదు. ఈరోజంతా తలనొప్పి. ఎరువు మంచిదే అయితే? పెట్టె చెప్పిందే నిజమై, నేనే నలభై ఒక్క ఇళ్లకు తెగులు అంటించబోతున్నానేమో?

పదిహేడో రోజు

కొండ మట్టిలో బొబ్బర్లు చక్కగా, విప్పారిన ఆకులతో నిలబడ్డాయి. ఎరువు కలిపిన నాలుగు డబ్బాల్లోనూ ఆకులు దోసిళ్లలా ముడుచుకున్నాయి. మెడలు వంగిపోయాయి. నాలుగింటికి నాలుగూ!

అన్నిటినీ పెట్టె కన్నుకు ఆనించి చూపించాను. ఎడమవైపువి ఇవీ, కుడివైపువి ఇవీ, మీ ఎరువే లోపమని గట్టిగా చెప్పాను. పెట్టె అన్నది అన్నట్టే రాస్తున్నాను: "వైరస్ బొబ్బర్లకు కూడా అంటింది. సాగుదారు నిర్లక్ష్యం తీవ్రమైంది. కాల్చివేత తేదీని ముందుకు జరపమంటారా?"

పక్కన కూర్చున్న వాటికి అంటకుండా ఎరువు డబ్బాలను మాత్రమే వెతుక్కుని మరీ అంటిన వైరస్! చేతిలో రెంచీ ఉంది. పెట్టె పగలకొట్టలేదు. పగలకొడితే దానికీ నా నిర్లక్ష్యమే కారణమని రాసుకుంటుంది.

పద్దెనిమిదో రోజు

ఈరోజు నాలుగో స్తంభం చక్రాలకు గ్రీజు పెట్టే వంతు. ఆ స్తంభం గాజు కప్పుల బయట, కింది వాలులో ఉంటుంది. పొద్దున్నే ఎండ ముదరకముందే దిగి ఎక్కిరావాలి.

వాలంతా వయ్యారిభామ మొక్క పట్టి నీటి కాలువలను మూసేస్తోందని రెండున్నరేళ్లుగా కార్యాలయంవాళ్లు డ్రోన్లతో కలుపుమందు కొట్టిస్తున్నారు. మందు పడ్డ మేర వయ్యారిభామ చస్తోంది, దాని నడుమ పెరిగే గడ్డికి ఏమీ కావడం లేదు. రోజూ పైనుంచి చూసే దృశ్యమే. ఈరోజు స్తంభం పునాది దగ్గర కూర్చుంటే చస్తున్న వయ్యారిభామ మొక్క ఒకటి సరిగ్గా మోకాలి పక్కన ఉంది. దాని చిగురు చేతికర్ర పిడిలా వంగి ఉంది.

గ్రీజు డబ్బా పక్కన పెట్టి దాన్ని వేళ్లతో సహా పెరికాను.

ఆ గడ్డినే కోసి మూటలు కడతారు. ఆ మూటలే ఎనిమిదో అరుగుకు వెళ్లి ఎరువవుతాయి. మందు గడ్డిని చంపదు కానీ గడ్డిలో ఉండిపోతుంది, ఎరువులోనూ ఉండిపోతుంది, ఆ తర్వాత మా తోటల్లో వెడల్పాకు మొక్కల్ని పట్టుకుంటుంది. టమాటా, బొబ్బరి, రాస్ప్‌బెర్రీ, ఏదైనా దానికి కలుపే. మందు పడ్డ చోటి గడ్డి ఏ విడత ఎరువులో కలిస్తే, ఆ విడత అందుకున్న ఇంటికే ఈ దెబ్బ.

ఇంకో మాట కూడా రాయాలి. ఆ మూటలు వారానికి మూడుసార్లు పైకి వచ్చేది నా రోప్‌వేలోనే. బరువు తూచి, తొట్టిలో వేయించి, మీట నొక్కింది నా చెయ్యే.

ఇరవయ్యో రోజు

పొద్దున తొమ్మిదింటికి తనిఖీ అధికారి ప్రభంజన్ వచ్చాడు. వెంట మంట గొట్టాలతో ఇద్దరు మనుషులు. ముప్పై ఏళ్లవాడు, మర్యాదగానే మాట్లాడతాడు. ఆ మర్యాద చూస్తే ఇంకా ఒళ్లు మండింది.

మొదట కుడిపక్క ఇంటి మహబూబ్‌బీని పిలిచి సంతకం అడిగాడు. ఆమె తోటలో జొన్న వేస్తుంది. కడప నుంచి వచ్చిన మనిషి, నాకంటే పదేళ్లు చిన్నది.

"నేను పెట్టను సార్," అంది.

"పెట్టె ధ్రువీకరించింది కదమ్మా. మీరు సాక్షి మాత్రమే."

"సాక్షి అంటే చూసినోళ్లు కదా సార్. వరాలక్క నిర్లక్ష్యం చేసింది నేను చూడలా. పొద్దన లేస్తే ఆ మొక్కల కాడనే ఉంటాది. అదే రాయమంటే రాస్తా."

ప్రభంజన్ ఆమె తోట వైపు చెయ్యి చూపించాడు. "సరే, మీ జొన్నకూ ఇదే ఎరువు కదా వేశారు? ఎంత బాగుందో చూడండి. ఎరువు చెడ్డదైతే మీ జొన్న ఎలా బతికింది?" పెట్టెకు నేను చెప్పిన ఎరువు మాట అతను చదివాడన్నమాట. చదివి కూడా గొట్టాలు తెచ్చాడు.

నేను లోపలికి వెళ్లి మూడు తెచ్చి నేల మీద పక్కపక్కన పెట్టాను. రాస్ప్‌బెర్రీ చిగురు, ఎరువు డబ్బా బొబ్బరి మొక్క, వాలులోంచి పెరికి తెచ్చిన వయ్యారిభామ. మూడింటి మెడలూ ఒకేలా వంగి ఉన్నాయి.

"జొన్న కూడా గడ్డి జాతేనండి. మీ మందు గడ్డిని ఏమీ చేయదు. అందుకే బతికింది. ఇదిగో, ఈ మూడో దానికి మీరు మందు కొట్టారు. మొదటి రెండింటికి ఎవరు కొట్టారో చెప్పండి."

అతను వంగి చూశాడు. చూసినట్టు అతని మొహంలో తెలిసింది. అయినా లేచి నిలబడి అన్నాడు:

"నేను చూసి నిర్ణయించకూడదమ్మా. ఆ అధికారం నాకు లేదు. పెట్టె చెప్పింది అమలు చేయడమే నా పని."

"కళ్లతో చూడడానికి కూడా అధికారం కావాలా? ఆరో అరుగులో ఓదెలు తోట దగ్గర కూడా ఇదే మాట అన్నారా? ఆయన ఆ మూల చూడమని మొత్తుకుంటే ఎంతమంది మొహం తిప్పుకున్నారు? మీరు, నేను, అందరం!"

గొంతు వీధంతా వినిపించి ఉంటుంది. జనం గుమిగూడారు. గొట్టం పట్టుకున్న మనిషి ఒకడు ముందుకు కదిలాడు. అప్పుడు జోగినాయుడు వచ్చి తోట గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. చేతిలో ఒప్పుకోలు కాగితం ఉంది. దాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు.

"మా ఆవిడ సెప్పింది ఇనీసి ఎల్లండి బాబూ. అంతవరకు నాను లెగను."

నేను ఈ పుస్తకం తీశాను. రోప్‌వే నియమాల్లో పన్నెండోది: సరుకులో హాని ఉందన్న అనుమానం కలిగితే నిర్వాహకురాలు ఆ సరుకును ఆపవచ్చు. పుస్తకంలో రాసిన క్షణం నుంచి, పరీక్ష పూర్తయ్యే దాకా, దాన్ని ఎవరూ కదిలించకూడదు. ప్రభంజన్ చూస్తుండగానే రాశాను. "వాలు గడ్డి మూటలు, వాటితో చేసిన ఎరువు, ఆ ఎరువు పడ్డ ఈ తోట మట్టి. కలుపుమందు అనుమానం. ఈరోజు పదింటి నుంచి నిలిపివేత. వి. వరాలమ్మ."

గడ్డి ఆగితే ఎరువు ఆగుతుంది. ఎరువు ఆగితే కార్యాలయం కదలక తప్పదు. పేజీని అతని ముందు పెట్టాను. అతను చదివాడు. మనుషుల వైపు తిరిగి, "గొట్టాలు తీసుకెళ్లండి. పరీక్ష అయ్యేదాకా ఆగాలి," అన్నాడు. వెళ్లే ముందు ఆ మూడు మొక్కలనూ అడిగి తీసుకున్నాడు.

ఇరవై తొమ్మిదో రోజు

ఆసుపత్రి ల్యాబులో పరీక్షించారు. గడ్డిలో మందు ఉంది, ఎరువులో ఉంది, నా మట్టిలో ఉంది. వైరస్ లేదు.

కార్యాలయం ప్రకటన గోడల మీద వెలిగింది. "ఎరువు కూర్పులో స్వల్ప సవరణ చేయడమైనది. సాగుదారుల సహకారానికి కృతజ్ఞతలు." అంతే. క్షమించమన్న మాట లేదు, తప్పన్న మాట లేదు. నా ఎర్ర గుర్తు తీసేశారు. పెట్టె ఇప్పుడు ఇరవై ఒక్క ప్రశ్నలు అడుగుతోంది.

కాడలన్నిటినీ తవ్వి, వేళ్లు కడిగి, కొండ మట్టిలోకి మార్చాను. తొమ్మిది చచ్చిపోయాయి. పద్నాలుగు బతికేలా ఉన్నాయి. రెండింటి అడుగున పిలకలు వచ్చాయి, వాటి ఆకులు విప్పారి ఉన్నాయి. ఈ ఏడాది వార్డుకు పళ్లు లేవు. నలభై ఒక్క ఇళ్లవాళ్లనూ ఇంకో ఏడాది ఆగమని చెప్పాలి.

ముప్పై రెండో రోజు

కార్యాలయానికి వెళ్లి ఓదెలు కాగితం మీది నా సంతకం వెనక్కి తీసుకుంటానన్నాను. వెనక్కి తీసుకునే ఫారం లేదన్నారు. రెండేళ్లలో నిర్లక్ష్యం పేరుతో నేల పోగొట్టుకున్నవాళ్ల జాబితా అడిగాను. తొమ్మిది ఇళ్లు. తొమ్మిదింటిలో ఒక్కటీ జొన్న, రాగి, మొక్కజొన్న వేసిన ఇల్లు కాదు. జాబితా వాళ్ల దగ్గరే ఉంది, ఇన్నాళ్లూ. దాన్ని ఒక్కసారి పైనుంచి కిందికి చదివిన మనిషి లేడు.

ఏదో ఒక కాగితం ఇచ్చేదాకా లేవనని వాళ్ల బల్ల ముందు కూర్చున్నాను. మధ్యాహ్నానికి మహబూబ్‌బీ వచ్చి పక్కన కూర్చుంది. సాయంత్రానికి మిగతా కాగితాల మీద సంతకాలు పెట్టినవాళ్లు పదకొండుమంది వచ్చారు. కొందరు తలెత్తలేదు. కార్యాలయం మూసే వేళకు తెల్ల కాగితం తెచ్చి ఇచ్చారు. దాని మీద రాశాను: "నేను చూడలేదు. చూడకుండా సంతకం చేశాను. అది అబద్ధపు సాక్ష్యం." కింద పేరు పెట్టి, పక్కవాళ్లకు అందించాను.

యాభై ఎనిమిదో రోజు

తొమ్మిది ఇళ్లకూ నేల తిరిగి ఇచ్చారు. ఓదెలుకు ఆరో అరుగులో తన పాత చోటే వచ్చింది. నేను నాలుగు రాస్ప్‌బెర్రీ పిలకలు తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్లాను. పిలకల కోసం పేర్లు రాయించుకున్నవాళ్లంతా ఆయనకే ముందు ఇమ్మన్నారు.

గాజు కప్పులోంచి ఎండ నేల మీద పరుచుకుని ఉంది. ఆయన చెప్పులు విప్పి గుమ్మం బయట పెట్టాడు. మెల్లగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. మట్టిని చేత్తో నలిపి, వాసన చూసి, వేలితో గుంట చేశాడు. పిలకను అందించాను. లోతు ఎక్కువైందన్నాను. కాలేదన్నాడు. రెండేళ్ల గురించి మాట్లాడదామని దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు నా నోట్లోనే ఉన్నాయి. "ఓదెలన్నా, నన్ను..." అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. నా నీడ ఆయన చేతుల మీద పడి ఉంది.

"జరుగమ్మా," అన్నాడు. "ఎండకు అడ్డమొస్తున్నవ్."

నేను పక్కకు జరిగాను.